తగ్గించడానికి ఏమీ లేని మనిషి

ఇరవై ఆరేళ్ళుగా సైకిలు తొక్కుకుంటూ ఆఫీసుకు వెళ్ళి నేను పర్యావరణానికి ఎంత ద్రోహం చేశానో మొన్న శ్రావణమాసం దాకా నాకు తెలియదు. తెలియజెప్పింది మా ఆఫీసే. ఊరికే నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా, రెండు ప్రతుల్లో, రెండోదాని మీద నా సంతకం తీసుకుని మరీ తెలియజెప్పింది.

మాది తాళ్ళ ప్రమాణాల శాఖ. నవ్వకండి. చేదతాళ్ళు, పగ్గాలు, మోకులు, పడవ తాళ్ళు ఎంత బరువుకు తెగుతాయో లాగి చూసి ముద్ర కొట్టే శాఖ. మా జిల్లా ఆఫీసు అమలాపురంలో ఉంది. ఊళ్ళో బావులు పూడ్చేశారు, ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి, అయినా శాఖ మాత్రం నిక్షేపంలా ఉంది. అందులో నేను సీనియర్ అసిస్టెంటుని. కుడుపూడి త్రిమూర్తులు అంటారు నన్ను.

ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైరవుతాను. ఈలోగా సూపరింటెండెంటు కావాలి. నా కోరిక ఇదొక్కటే. అత్యాశ అనుకోకండి. ఇప్పటికి నలుగురు సూపరింటెండెంట్లు వేరే జిల్లాల నుంచి వచ్చి, నా పక్కన కుర్చీ వేసుకుని పని నేర్చుకుని, నేర్చుకున్నాక నా ఫైళ్ళలోనే తప్పులు పట్టారు. ఒకసారి జాబితాలో మా నాన్న పేరు తప్పు పడిందని నా ప్రమోషను ఆగింది. ఇంకోసారి జాబితాయే కనపడకుండా పోయింది. ఈసారి కుర్చీ ఖాళీ అయింది, జాబితాలో మొదటి పేరు నాది, డిసెంబరులో ప్యానెలు. అప్పటిదాకా కడుపులో చల్ల కదలకుండా కూర్చుంటే చాలు.

సరిగ్గా అప్పుడే మా హెడ్డాఫీసుకు పర్యావరణం మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

'హరిత సోపానం' అని సర్క్యులరు వచ్చింది. శాఖలోని ఉద్యోగులందరూ పర్యావరణ హిత వ్యక్తిగత ప్రయాణమునకు మారవలెను, ఇందునిమిత్తము తగిన విద్యుత్ స్కూటరును ఎంపిక చేసుకొనవలెను, హరిత ధ్రువపత్రము లేనివారి పేర్లు ప్రమోషను ప్యానెలునందు పరిశీలించబడవు అని దాని సారాంశం. చదివి నేను హాయిగా నవ్వుకున్నాను. నాకన్నా హరితమైనవాడు ఈ జిల్లాలో ఎవడున్నాడు? మా ఇంటి నుంచి ఆఫీసు కిలోమీటరున్నర. నా సైకిలు వదిలే పొగ ఏమైనా ఉంటే అది వంతెన ఎక్కేటప్పుడు నేను వదిలే ఊపిరి మాత్రమే.

సర్క్యులరుతోపాటు ఒక ఫారం వచ్చింది. నాలుగో గడిలో ప్రస్తుతం వాడుతున్న పెట్రోలు వాహనం, ఐదో గడిలో దాని పొగ శాతం, ఆరో గడిలో ఎంచుకున్న విద్యుత్ స్కూటరు, ఏడో గడిలో పొగలో వచ్చిన తేడా రాయాలి. తేడా అరవై దాటితే ధ్రువపత్రం వస్తుంది. నేను నాలుగో గడిలో 'లేదు' అనీ, ఐదో గడిలో 'సున్నా' అనీ, ఆరో గడిలో 'అవసరం లేదు, సైకిలు ఉన్నది' అనీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చాను.

మర్నాడు భానోజీరావు నా బల్ల దగ్గరికి వచ్చాడు. భానోజీరావు నాకన్నా ఎనిమిదేళ్ళు జూనియరు. ప్రమోషను జాబితాలో నా తరవాతి పేరు అతనిదే. హరిత సోపానానికి జిల్లా నోడల్ అధికారి కూడా అతనే. మెడలో ఆకుపచ్చ తాడు వేలాడుతోంది. దాన్ని ఎవరూ లాగి చూసినట్టు లేదు.

"ఏంటండి త్రిమూర్తులుగారూ, కంప్యూటరు మీ ఫారం తీసుకోవట్లేదండి" అన్నాడు.

"ఏమంటుంది?"

"సున్నాలోంచి సున్నా తీత్తే సున్నా అంటందండి. అరవై కావాలి కదండీ. మీరు ఫెయిలండి."

"అసలు నాకు పొగే లేదు కదయ్యా!"

"అదేనండి మరి వచ్చిన చిక్కు. పొగ తగ్గించమని పైవాళ్ళు అంటన్నారు. తగ్గించడానికి మీ దగ్గర ఏమీ లేదు. రేపొద్దున్న తనిఖీకి వచ్చినోళ్ళు 'ఈ ఉద్యోగి ఎంత తగ్గించాడు' అంటే నేనేం చూపించాలండి? మీ సైకిలు గంట చూపించనా?"

నాకు ఒళ్ళు మండింది. "నేను ఇరవై ఆరేళ్ళ కిందటే తగ్గించేసుకున్నానని చెప్పవయ్యా" అన్నాను.

అనకూడని మాట అన్నానని అతని మొహం చూశాక గానీ నాకు తెలియలేదు. భానోజీరావు జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాటను అలాగే రాసుకున్నాడు. "ఎవరి పర్మిషనుతో తగ్గించారండి?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

రెండు రోజుల్లో మెమో వచ్చింది. అది నాకు కంఠతా వచ్చేసింది కనుక చెబుతాను, వినండి. "శ్రీ కుడుపూడి త్రిమూర్తులు, సీనియర్ అసిస్టెంటు, పథకము అమలులోనికి రాకమునుపే, పై అధికారుల పూర్వానుమతి లేకుండ, స్వంత నిర్ణయముపై ఇరవై ఆరు సంవత్సరములుగా పొగ విడుదల చేయకుండ ఉండి, తద్వారా పథకము క్రింద తగ్గించవలసియున్న పొగను ముందుగానే లేకుండ చేసి, జిల్లా లక్ష్యసాధనకు భంగము కలిగించినట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. వారిపై క్రమశిక్షణా చర్య ఏల తీసికొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

ఇంటికి తీసుకెళ్ళి మా ఆవిడ నూకరత్నానికి చదివి వినిపించాను. ఆవిడ గోంగూర వలుస్తున్నదల్లా ఆపేసింది.

"పొగ వదల్లేదని మెమో ఇచ్చారా? ఏ పొగండీ? మీరు బీడీ కూడా కాల్చరు కదండీ!"

"బీడీ పొగ లెక్కలోకి రాదు. పెట్రోలు పొగే కావాలట."

"ఓరి మీ ఆఫీసు తగలెయ్యా! బుద్ధున్నోళ్ళెవరూ లేరా అక్కడ? పెద్దాయన్ని కలవండి. ఆయన చదువుకున్నోడే కదా."

చదువుకున్నవాడే. మా జిల్లా అధికారి సదాశివరావుగారు తాళ్ళ మీద డాక్టరేటు చేశారు. ఆయన నన్ను కూర్చోమని, మంచినీళ్ళు ఇప్పించి, మెమో తీసుకుని చదివి, అందులో ఒక చోట కామా సరిచేసి తిరిగి ఇచ్చారు.

"చూడండి త్రిమూర్తులూ, వ్యక్తిగతంగా మీరంటే నాకు అపారమైన గౌరవం. కానీ సంస్థాపరమైన దృక్కోణంలో చూసినప్పుడు మీరొక ఖాళీ గడి. ఖాళీ గడికి ప్రమోషను ఇవ్వగలమా? నేను మీ పక్షాన ఆలోచించాను. ఈ సమస్యకు క్రమబద్ధీకరణ ఒక్కటే మార్గం."

"అంటే ఏం చెయ్యాలండీ?"

"ముందు కలుషితం చెయ్యండి. ఇష్టం వచ్చినట్టు కాదు, నిబంధనల ప్రకారం, తొంభై రోజులు. దీన్ని పూర్వస్థితి నిర్ధారణ కాలం అంటాము. ఒక పెట్రోలు వాహనం సంపాదించి, నడిపి, పొగ పత్రం తీసుకోండి. తదనంతరం మానెయ్యండి. మీరు మానేసినట్టు మేము గుర్తిస్తాము."

"ఇప్పుడు మానేసే ఉన్నాను కదండీ."

"గుర్తింపు లేని మానడం మానడం కిందికి రాదు" అన్నారాయన, చిన్నపిల్లాడికి చెప్పినంత ఓపికగా. "పోతే, మీ సైకిలు సంగతి ఎక్కడా ప్రస్తావించకండి. ఫైలు పాడవుతుంది."

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ భానోజీరావు సన్నగా దగ్గాడు. "సార్, ఈయన సర్వీసు రిజిస్టరులో సైకిలు అడ్వాన్సు ఎంట్రీ ఉందండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మన ఆఫీసే ఇచ్చిందండి."

సదాశివరావుగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "అయితే సైకిలు కొన్నాను గానీ ఏనాడూ తొక్కలేదని అఫిడవిట్టు ఇవ్వండి."

"తొక్కలేదంటే అడ్వాన్సు దుర్వినియోగం అవుతుంది కదండీ!" అన్నాను భయపడిపోయి.

"అవుతుంది. దుర్వినియోగానికి ఒక హెచ్చరిక ఇస్తాము. హెచ్చరిక ప్రమోషనుకు అడ్డు రాదు. పొగ లేకపోవడం అడ్డొస్తుంది."

నేను అఫిడవిట్టు ఇచ్చాను. 'నా జీవితకాలంలో సైకిలు తొక్కి ఎరుగను' అని స్టాంపు కాగితం మీద నోటరీ ముందు ప్రమాణం చేశాను. నోటరీ ఆఫీసు కింద నా సైకిలు స్టాండు వేసి ఉంది. దాన్నే తొక్కుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆదివారం నాడు బుజ్జిబాబు షెడ్డుకి వెళ్ళాను. బుజ్జిబాబు పాత బళ్ళు కొని అమ్ముతుంటాడు. జనం ఎలక్ట్రిక్ స్కూటరు ఎంచుకోవడానికి షోరూముల చుట్టూ తిరుగుతారు. నేను దాన్ని ఎంచుకోవడానికి ముందు, అది తొలగించబోయే పొగను ఎంచుకోవడానికి బయలుదేరాను.

"రండి బాబూ, కూర్చోండి. ఎంత పొగ కావాలండి?" అన్నాడు బుజ్జిబాబు నన్ను చూడగానే.

"నేను పొగకే వచ్చానని నీకెలా తెలుసు?"

"మీ ఆఫీసు నుంచి మీరు పదకొండో మనిషండి. ఆయ్. ఇదివరకు పొగొత్తన్న బండంటే ఇనప సామాన్లోళ్ళకి తోసేసేవోణ్ణండి. మీ శాఖ దయ వల్ల ఇప్పుడయ్యే నాకు అన్నం పెడతన్నాయండి."

సంగతేమిటంటే, చిక్కు నా ఒక్కడిదే కాదు. బళ్ళను శుభ్రంగా ఉంచుకున్న వాళ్ళందరూ ఫెయిలయ్యారు. కొత్త బండి కొన్న భానోజీరావుకే పొగ తొమ్మిది శాతం వచ్చింది. ఆఫీసు మొత్తంలో పాసైంది మా స్టోర్ కీపరు ఒక్కడే. అతని స్కూటరు పొగకు పోలీసులు రెండుసార్లు కేసు రాశారు. ఎనభై నాలుగు శాతం రాగానే ఆ స్టోర్ కీపరును 'ఆదర్శ ఉద్యోగి' అని ప్రకటించి నోటీసు బోర్డు మీద ఫోటో పెట్టారు. దాంతో అందరూ పొగ వేటలో పడ్డారు.

బుజ్జిబాబు ఒక బండి మీద గోనెపట్టా తీశాడు. "ఇది చూడండి. పాలాయన బండి. ఇరవై రెండేళ్ళ సరుకు. ఒక్క తన్ను తన్నారంటే ఎనకాలున్నోడికి ముందున్నోడు కనపడడండి."

"మైలేజీ ఎంతిస్తుంది?"

"ఛఛ, మైలేజీ అన్న మాటే లేదండి దీనికి. పోసిన పెట్రోలంతా పొగేనండి. మీకేం భయం లేదు."

బండిని తన్నాడు. నాలుగో తన్నుకు అది మేలుకుంది. మేలుకోగానే షెడ్డు, షెడ్డులోని బళ్ళు, బుజ్జిబాబు అన్నీ మాయమయ్యాయి. "ఎలాగుందండి?" అని మాత్రం ఎక్కడి నుంచో వినపడింది. దగ్గు ఆగాక 'బాగుంది' అన్నాను. నా నోటితో ఆ మాట అన్నాను, నిజం.

అరవై దాటిన వయసులో స్కూటరు నేర్చుకున్నాను. కూరగాయల మార్కెట్టు దగ్గర ఒక వంకాయల బుట్ట మీద పడి, ఆవిడ చేత నానా తిట్లూ తిన్నాను. నాలుగో రోజుకు ఆఫీసుకు వెళ్ళగలిగాను. సైకిలు మీద ఏడు నిమిషాలు పట్టే దారి బండి మీద పన్నెండు నిమిషాలు పట్టింది, ఎందుకంటే నా పొగ గాలికి ముందుకు వచ్చి నాకే దారి కనపడనిచ్చేది కాదు.

గడియార స్తంభం దగ్గర కానిస్టేబులు ఆపాడు. "ఏం పెద్దాయనా, ఊరంతటికీ దోమల మందు కొడతన్నావా?" అన్నాడు. నేను జేబులోంచి ఆఫీసు వాళ్ళు ఇచ్చిన కార్డు తీసి చూపించాను. 'ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఈ వాహనచోదకుడు పర్యావరణ పరిరక్షణ నిమిత్తము పొగ విడుదల చేయుచున్నారు. సంబంధిత అధికారులు సహకరించవలెను' అని దాని మీద ఉంది. కింద గుండ్రటి ముద్ర ఉంది. కానిస్టేబులు రెండుసార్లు చదివి, కార్డు తిరిగిచ్చి, నాకు సెల్యూట్ కొట్టి పక్కకు తప్పుకున్నాడు. ముద్ర గొప్పతనం అలాంటిది.

సెప్టెంబరు వెళ్ళి అక్టోబరు వచ్చేసరికి మా ఆఫీసు ఆవరణలోకి అడుగు పెట్టాలంటే ముక్కుకు గుడ్డ కట్టుకోవాల్సి వచ్చింది. ఉన్న పొగ చాలక భానోజీరావు పెట్రోలులో కిరసనాయిలు కలిపాడు, అది చాలక ఆముదం కలిపాడు. టైపిస్టు తన బండి సైలెన్సరులో కొబ్బరిపీచు కుక్కాడు. మా ఆఫీసు చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వచ్చి గోల చేస్తే సదాశివరావుగారు వాళ్ళను కూర్చోబెట్టి వివరించారు. "ఇప్పుడు మీరు పీలుస్తున్నది కాలుష్యం కాదు. ఇది భవిష్యత్తులో తగ్గబోయే కాలుష్యం. ఎంత ఎక్కువ పీలిస్తే అంత ఎక్కువ తగ్గినట్టు లెక్క" అన్నారు. వాళ్ళు బిత్తరపోయి వెళ్ళిపోయారు.

నూకరత్నం మాత్రం బిత్తరపోలేదు. బండి మా వాకిట్లోనే స్టార్టు చెయ్యాలి. ఆరేసిన బట్టలు నల్లబడ్డాయి. పెరట్లో పెట్టిన మజ్జిగ మిరపకాయలు నల్లబడ్డాయి. కార్తీకంలో ఆవిడకు ఆయాసం పట్టుకుంది. అంతకుముందు ఏనాడూ డాక్టరు గడప తొక్కని మనిషి, వారానికి రెండుసార్లు మూతికి గొట్టం పెట్టించుకుని రావడం మొదలుపెట్టింది.

"ఏవండీ" అంది ఒకరోజు పొద్దున్న, మంచం మీద కూర్చుని గస పెడుతూ. "మీ ప్రమోషను నా ఊపిరి మీదకొత్తందండి."

"ఇంకా ముప్ఫై రెండు రోజులే నూకరత్నం. పొగ పత్రం రాగానే బండి బుజ్జిబాబుకే ఇచ్చేస్తాను."

"ముప్ఫై రెండు రోజులు నేను ఊపిరి బిగబట్టుకోనా? హాయిగా సైకిలెక్కి పొండి. సూపరింటెండెంటు కాకపోతే ఏవైపోద్ది? ఇన్నాళ్ళూ నేనేవన్నా అడిగానా మిమ్మల్ని?"

అడగలేదు. నిజమే. కానీ నలుగురికి పని నేర్పి నలుగురి కిందా పనిచేసినవాడి బాధ ఆవిడకు ఏం తెలుస్తుంది? భానోజీరావు ఐదోవాడు అవుతాడేమోనన్న భయం నన్ను నిలవనివ్వడం లేదు. ఆవిడను పొద్దున్నే పక్కింటి వాళ్ళ వసారాలో కూర్చోబెట్టి, అప్పుడు బండిని తన్నేవాణ్ణి. అంతకన్నా ఏం చెయ్యగలను?

తొంభయ్యో రోజున పెట్రోలు బంకు పక్కన ఉండే పొగ పరీక్ష వ్యాను దగ్గర మా ఆఫీసంతా బారులు తీరింది. పరీక్ష చేసేవాడు మమ్మల్ని వింతగా చూశాడు. "నా సర్వీసులో 'తక్కువ చూపించవయ్యా' అని బతిమాలినోళ్ళనే చూశానండి. 'కొంచెం ఎక్కువెయ్యి బాబూ' అంటన్నోళ్ళని మిమ్మల్నే చూత్తన్నాను" అన్నాడు. భానోజీరావుకు డెబ్బై ఒకటి వచ్చింది. టైపిస్టుకు అరవై రెండు. నా వంతు వచ్చింది. గొట్టం పెట్టి బండిని రెండుసార్లు రేజు చేశాను. తొంభై ఏడు.

జిల్లా మొత్తం మీద అదే మొదటి స్థానం. అందరూ చప్పట్లు కొట్టారు. స్టోర్ కీపరు కళ్ళలో అసూయ చూశాను. నా ఛాతీ ఉప్పొంగింది. ఛీ, దేనికి పొంగుతున్నానో నాకే తెలిసి కూడా పొంగింది.

ఇక విద్యుత్ స్కూటరు ఎంపిక మిగిలింది. ఆయాసం కాస్త నెమ్మదించిన నూకరత్నాన్ని వెంటబెట్టుకుని షోరూముకు వెళ్ళాను. చల్లగా ఉంది. అద్దాల్లాంటి స్కూటర్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒకమ్మాయి చకచకా వచ్చి మొదలుపెట్టింది.

"ఇది మా బెస్ట్ మోడలండి. ఒక్కసారి ఫుల్ ఛార్జి పెడితే నూట ఇరవై కిలోమీటర్లు వెళ్తుంది. రోజుకి ఎంత తిరుగుతారండి?"

"పోనూ రానూ మూడు కిలోమీటర్లు."

ఆ అమ్మాయి చేతిలోని ధరల కాగితం వంక చూసుకుంది. "మధ్యలో ఎక్కడికైనా..."

"మధ్యలో కాలవుందమ్మా" అంది నూకరత్నం. "ఈయన ఇన్నాళ్ళూ ఆ వంతెన సైకిలు మీదే ఎక్కేవోరు. కరెంటు పోతే ఇదెలాగెక్కుద్ది?"

"మీరు ముందే ఛార్జి పెట్టుకోవాలండి. ఫోనుకి మెసేజి వస్తుంది. ఇది మీతో మాట్లాడుతుంది కూడా అండి. స్టాండు తీయకపోతే తీయమని చెబుతుంది."

"చెప్పేదాన్ని నేనున్నాను కదమ్మా ఇంట్లో. నా మాటే ఇనరు. దాని మాట ఇంటారా?"

నూకరత్నం అన్నీ వివరంగా అడిగింది. గ్యాసు బండ పెట్టడానికి ముందు చోటుందా, పక్కకి తిరిగి కూర్చుంటే కాలు ఎక్కడ పెట్టుకోవాలి, వానలో కాలవ గట్టు మీద నీళ్ళు నిలిస్తే ఆగిపోతుందా, బ్యాటరీ చచ్చిపోతే ఎవరు బాగుచేస్తారు. నిజానికి స్కూటరు కావలసినవాళ్ళు అడగాల్సిన ప్రశ్నలు అవే. ఆవిడ అడిగిన ఒక్క ప్రశ్నకూ ఫారంలో గడి లేదు. ఫారం నాకు పెట్టిన ప్రశ్న ఒక్కటే, పొగ తేడా ఎంత? కింద గమనిక కూడా ఉంది: 'సైకిలు, నడక మొదలగు గుర్తింపు లేని ప్రయాణ విధానములతో పోల్చి ఎంపిక చేయరాదు.' ఆవిడ నచ్చిందన్న బండి తీసుకున్నాను. మంచి బండే, దాని తప్పేమీ లేదు. పొగ రాదు, చప్పుడు రాదు, సీటు మెత్తగా ఉంది. నాకు దాంతో పని లేదు, అంతే.

ఛార్జింగు పాయింటు ఆఫీసులోనే పెట్టారు. మధ్యాహ్నం కరెంటు పోయే వేళకు జనరేటరు వేసి మరీ అందరి బళ్ళకూ ఛార్జి పెట్టేవారు. డీజిలు కంపు గుప్పుమనేది. 'ఇదేమిటండీ' అని సదాశివరావుగారిని అడిగితే, "పథకం వ్యక్తిగత ప్రయాణానికి సంబంధించినది. ఇది సంస్థాగతమైన పొగ. మన పరిధిలోకి రాదు" అన్నారు.

డిసెంబరులో సభ జరిగింది. హెడ్డాఫీసు నుంచి పెద్దలు వచ్చారు. తొంభై ఏడు పాయింట్ల తగ్గింపు సాధించిన నాకు శాలువా కప్పారు. "ఒకప్పుడు తన పొగతో ఈ పట్టణాన్ని ఉక్కిరిబిక్కిరి చేసిన వ్యక్తి, నేడు పూర్తిగా మారిన మనిషి. ఇది పరివర్తన" అని సదాశివరావుగారు మైకులో అన్నారు. ముందు వరసలో నూకరత్నం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. చప్పట్లు కొట్టలేదు. పది రోజుల తరవాత ఉత్తర్వులు వచ్చాయి. నేను సూపరింటెండెంటునయ్యాను.

కుర్చీ బాగానే ఉంది. వెనక్కి వాలుతుంది, పక్కలకు తిరుగుతుంది. మొదటి మూడు రోజులూ ఊరికే అటూ ఇటూ తిరిగాను. నాలుగో రోజు పొద్దున్న భానోజీరావు ఒక ఫైలు తెచ్చి, ఎంతో వినయంగా నా ముందు పెట్టాడు. జూనియర్ అసిస్టెంటు సుభాషిణి ఫైలు. చేరి రెండేళ్ళయింది. ఉద్యోగం పర్మనెంటు చెయ్యాలంటే ఆమెకు కూడా ఇప్పుడు హరిత ధ్రువపత్రం కావాలట. నాలుగో గడిలో 'నడిచి వస్తాను' అని రాసింది.

అమ్మాయిని పిలిపించాను. లోపలికి వచ్చి నిలబడింది. చెప్పులు అరిగిపోయి ఉన్నాయి.

"అలా రాస్తే కంప్యూటరు తీసుకోదమ్మా" అన్నాను.

"తెలుసండి. అందుకే మీ దగ్గరికొచ్చానండి. మీకైతే అర్థమవుద్దని అందరూ అన్నారండి."

"ఏమిటి అర్థమయ్యేది?"

"మీరు కూడా ఇరవై ఆరేళ్ళు సైకిలు మీదే వచ్చారు కదండీ. నేను బండి కొనలేనండి. మా అమ్మకి ఉబ్బసం, ఇంట్లో ఆ పొగ పెట్టలేనండి. మీరొక్క ముక్క రాత్తే చాలండి, 'ఈ అమ్మాయి నడుత్తాది, ఈవిడకి పొగ లేదు' అని."

భానోజీరావు నా వంక చూస్తున్నాడు. నేను ఒక్క ముక్క రాయవచ్చు. రాస్తే, పొగ లేకుండా ఇన్నేళ్ళు ఆఫీసుకు రావచ్చని మీకెలా తెలుసు అని పైనుంచి అడుగుతారు. నేనూ సైకిలు మీద అలాగే వచ్చాను అంటే నా అఫిడవిట్టు అబద్ధమవుతుంది. అఫిడవిట్టు అబద్ధమైతే నా తొంభై ఏడు అబద్ధమవుతుంది. అప్పుడు ఈ కుర్చీలో కూర్చోవడానికి మనిషి పక్కనే సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

"నేను సైకిలు తొక్కానని ఎవరన్నారమ్మా? అటువంటిది రికార్డులో ఎక్కడా లేదే" అన్నాను.

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు, పొరపాటున వేరే గదిలోకి వచ్చినవాళ్ళు చూసినట్టు చూసింది. "సరేనండి" అని వెళ్ళిపోయింది.

భానోజీరావు మెమో ముందే టైపు చేయించి తెచ్చాడు. 'పూర్వానుమతి లేకుండ రెండు సంవత్సరములుగా నడచుచున్నందుకు' సంజాయిషీ కోరుతూ ఉంది. సంతకం చోట నా పేరు, నా హోదా అచ్చయి ఉన్నాయి. నాకు సిగ్గేసింది. చెవులు వేడెక్కేంత సిగ్గేసింది. అదే సిగ్గుతో కలం మూత తీసి సంతకం పెట్టాను. సూపరింటెండెంటుగా నా మొదటి సంతకం.